కూతురి చదువుకు కొన్న కంప్యూటర్ చాలడం లేదు, ఏం చేయాలి?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ, కాలేజీ వివరాలూ బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమె కూతురు బీ.ఆర్క్ (ఐదేళ్ల ఆర్కిటెక్చర్ కోర్సు) మూడో సంవత్సరం చదువుతోంది. కోర్సులో చేరిన కొత్తలో ఈవిడ తన చీటీ డబ్బు 47,000 రూపాయలు పెట్టి బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొనిచ్చారు. మోడల్ ఎంపిక చేసింది మరిది. ద్వారకా నగర్‌లో తనకు తెలిసిన షాపుకు తీసుకెళ్లి, టేబుల్ మీద చోటు కలిసొస్తుందని సన్నగా ఉండే స్లిమ్ మోడల్ ఇప్పించాడు. ఐ5-12400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడుకునే మెమరీ), 1 టీబీ హార్డ్ డిస్క్, మానిటర్, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ. బిల్లు అతని పేరు మీదే ఉంది. వారంటీ ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉంది.

మొదటి రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఈ ఏడాది రెవిట్ అనే భవన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి రెండరింగ్ (ఫోటోలా కనిపించే బొమ్మ) తీయడం మొదలయ్యాక కంప్యూటర్ మొరాయిస్తోంది. ఫైలు తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది, మధ్యమధ్యలో హ్యాంగ్ అవుతోంది. జ్యూరీకి (మాస్టార్ల ముందు డిజైన్ చూపించే పరీక్షకు) ముందు రాత్రి చేసిన పనంతా పోయి పిల్ల తెల్లవార్లూ ఏడ్చింది. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా, కాలేజీలో సీనియర్ దగ్గర బొమ్మల పని వేగంగా చేసే జీటీఎక్స్ 1660 సూపర్ అనే గ్రాఫిక్స్ కార్డును సెకండ్ హ్యాండ్‌లో 9,500కు కొనుక్కొచ్చింది. అమ్మమ్మ పండక్కి ఇచ్చిన డబ్బు, పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పి కూడబెట్టుకున్న డబ్బు అందులో పెట్టింది. తీరా క్యాబినెట్ విప్పితే కార్డు అందులో పట్టలేదు. లోపల భాగాలకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీద 180 వాట్లు అని రాసి ఉంది. ఇప్పుడా కార్డు బీరువాలో చీరల కింద ఉంది. తల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

తల్లి ఇద్దరు ముగ్గుర్ని అడిగారు. దగ్గర్లోని రిపేరు షాపతను ఒక అడాప్టర్ వైరు వేసి, మూత తీసేసి కార్డు బిగిస్తే 1,500లో పని అయిపోతుందన్నాడు. ఇంకో షాపువాళ్లు పాతదాన్ని 14,000కు ఎక్స్చేంజ్ తీసుకుని 88,000 గేమింగ్ పీసీ ఇస్తామన్నారు. హార్బర్‌లో షిఫ్ట్ డ్యూటీ చేసే భర్త, తనతో పనిచేసే ఒకాయన ఐ7-4790 ఉన్న కంప్యూటర్ 22,000కు అమ్ముతున్నాడని, ఐ5 కంటే ఐ7 గొప్పది కదా అని అంటున్నారు. దాంతోపాటు, "ఆ రోజే చెప్పాను, వాడి మాట విని కొన్నావు" అని దెప్పుతున్నారు. ఆ మాట మరిది చెవిన పడి ఇంటికి రావడమే తగ్గించాడు. కూతురేమో "నా సంగతి వదిలేయండి" అంటోంది.

చీటీ పాడితే ఇంకో 50,000 వరకు సర్దగలనని, కానీ అది ఐదో ఏడాది ఫీజుకని పెట్టుకున్నదని రాశారు. చివర్లో మూడు ప్రశ్నలు అడిగారు. నా డబ్బు నేనే బూడిదలో పోసుకున్నానా? ఉన్నదాన్నే బాగు చేయించుకోవాలా, అమ్మేసి కొత్తది కొనాలా? కార్డు సంగతి ఆయనకు చెప్పాలా?

అమ్మా, మీ మొదటి ప్రశ్న దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. దానికి నా జవాబు లేదనే. మీరు డబ్బు పోసింది బూడిదలో కాదు. ఐ5-12400 అన్నది 2022లో వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసర్, ఈ రోజుకీ మంచిదే. మీ అమ్మాయి కోర్సులో చేరినప్పుడు ఎక్కువగా షీట్ల మీద చేత్తో గీసేది, కాస్త ఆటోక్యాడ్‌లో డ్రాయింగులు చేసేది. ఆ పనికి మీరు కొన్నది సరిగ్గా సరిపోయింది. రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడవడమే అందుకు సాక్ష్యం. మూడో ఏడాది వచ్చేసరికి ఆమె చేసే పని మారిపోయింది. కంప్యూటర్ చెడిపోలేదు, మీ మరిది మిమ్మల్ని మోసం చేయలేదు. ఇంట్లో ఈ ఒక్క సంగతి అందరికీ అర్థమైతే మిగతా మాటలు తేలిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇక కార్డు ఎందుకు పట్టలేదో చూద్దాం. మీ అమ్మాయి కొన్న కార్డు మామూలు సైజుది. దాని వెనక ఉండే ఇనప పట్టీ సుమారు 12 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. స్లిమ్ క్యాబినెట్‌లో పట్టేది 8 సెంటీమీటర్ల పట్టీ ఉన్న లో ప్రొఫైల్ కార్డు మాత్రమే. కాబట్టి ఎంత నేర్పుగా బిగించినా అది కూర్చోదు. ఒకవేళ కూర్చున్నా కరెంటు చాలదు. మదర్‌బోర్డు స్లాటు ఏ కార్డుకైనా 75 వాట్ల వరకే ఇస్తుంది. 1660 సూపర్‌కు 125 వాట్లు కావాలి. ఆ మిగతా కరెంటు ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే ఎనిమిది పిన్నుల వైరు ద్వారా అందాలి. మీ ఎస్ఎంపీఎస్‌కు ఆ వైరే ఉండదు.

లెక్క వేస్తే ఇంకా తేటగా ఉంటుంది. మీ ప్రాసెసర్ మామూలుగా 65 వాట్లతో నడుస్తుంది, కానీ గట్టిగా పనిచేస్తున్నప్పుడు 117 వాట్ల దాకా లాగవచ్చని ఇంటెల్ కంపెనీయే చెబుతుంది. 117కు కార్డు 125 కలిపితే 242. డిస్కు, ఫ్యాను, బోర్డు ఇంకా కలపనే లేదు. చేతిలో ఉన్నది 180. అందుకే ఆ కార్డుకు కనీసం 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలంటారు. పోనీ స్లిమ్ క్యాబినెట్‌లో పట్టే చిన్న కార్డు వేద్దామా అంటే, విడి కరెంటు వైరు అక్కర్లేని వాటిలో ఒకటి ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం. అది 70 వాట్లు లాగుతుంది. 117, 70 కలిపితే 187. అదీ దాటిపోయింది. కొన్ని మోడళ్లకు కంపెనీయే అదే సైజులో ఎక్కువ వాట్ల ఎస్ఎంపీఎస్ అమ్ముతుంది. క్యాబినెట్ మీద ఉన్న సీరియల్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో అడిగి చూడండి. బజార్లో దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ మాత్రం ఇందులో కుదరదు. బ్రాండెడ్ స్లిమ్ మోడళ్లలో పిన్నుల అమరిక, సైజు, బోర్డు ఆకారం చాలావరకు ఆ కంపెనీ సొంతం. మామూలు ఎస్ఎంపీఎస్‌కు ఉండే 24 పిన్నుల కనెక్టర్‌కు ఆ బోర్డు మీద చోటే ఉండదు.

రిపేరు షాపతను చెప్పిన అడాప్టర్ వైరు పని మాత్రం దయచేసి చేయించకండి. ఉత్తరంలో ఉన్న అన్ని దారుల్లోనూ నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే. హార్డ్ డిస్కుకు కరెంటు ఇచ్చే సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 54 వాట్లు మోయడానికి చేసినది. దాని నుంచి వైరు లాగి గ్రాఫిక్స్ కార్డుకు ఇవ్వడమంటే, ఒక ఫ్యాను, లైటు కోసం వేసిన వైరింగ్ మీద ఏసీ పెట్టడమే. కనెక్టర్లు వేడెక్కి కరిగిపోవచ్చు. పైగా మూత తీసేసి వాడమన్నాడు. గాజువాక దుమ్ము, విశాఖ సముద్రపు గాలిలోని ఉప్పు తేమ కలిసి బోర్డు మీద పడితే కాంటాక్టులు తుప్పు పడతాయి. ఇంట్లో పిల్ల రాత్రంతా ఒంటరిగా కూర్చుని పనిచేసే బల్ల మీద అలాంటిది ఉండకూడదు.

అసలు మీ అమ్మాయి కంప్యూటర్‌కు తక్కువైంది గ్రాఫిక్స్ కార్డేనా? ఉత్తరంలో మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు అలా అనిపించడం లేదు. ఫైలు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టడం, మధ్యలో బిగుసుకుపోవడం, ఇవి ఎక్కువగా ర్యామ్ చాలనప్పుడు, హార్డ్ డిస్కు నెమ్మదైనప్పుడు కనిపిస్తాయి. పరీక్షించడం తేలికే. రెవిట్‌లో పెద్ద ఫైలు తెరిచి పనిచేస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అన్నచోట మెమరీ 90 శాతం దాటి, డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటే దొంగ దొరికినట్టే. ర్యామ్ నిండిపోగానే విండోస్ మిగిలిన సరుకును హార్డ్ డిస్కు మీద పెట్టుకుని, కావాల్సినప్పుడల్లా అక్కడి నుంచి తెచ్చుకుంటుంది. లోపల పళ్లెం తిరిగే డిస్కు ఆ రాకపోకలకు తట్టుకోలేదు. మీకు బయటికి కనిపించేది హ్యాంగ్.

రెవిట్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ ఇప్పటి వెర్షన్లకు కనీసం అని చెప్పే ర్యామే 16 జీబీ. మీ దగ్గర ఉన్నది అందులో సగం. ఆ సగంలోంచి కూడా ప్రాసెసర్‌లో కలిసి ఉన్న గ్రాఫిక్స్ తన వాటా తీసుకుంటుంది, ఎందుకంటే దానికి సొంత మెమరీ ఉండదు. అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడుతున్నారో చూపిస్తుంది. రెండింట్లో ఒకటే వాడుతున్నట్టు ఉంటే రెండోదాంట్లో ఇంకో ర్యామ్ వేయవచ్చు. ఇంకో 8 వేస్తే మొత్తం 16, 16 వేస్తే మొత్తం 24. స్లాట్లు రెండూ నిండితే ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ కూడా కాస్త చురుగ్గా పనిచేస్తుంది. కొనేముందు పాత ర్యామ్ డీడీఆర్4నా, డీడీఆర్5నా అన్నది తప్పకుండా చూసుకోవాలి. ఒకదానిది ఒకదాంట్లో దిగదు, గాడి వేరేచోట ఉంటుంది. ఉన్న ర్యామ్ ముక్కనే చేతిలో పట్టుకుని షాపుకు వెళితే తిప్పలుండవు.

ర్యామ్‌తో పాటు ఎస్ఎస్‌డీ (పళ్లెం తిరగని, వేగంగా పనిచేసే డిస్కు). మీ మోడల్‌కు బోర్డు మీద అది దిగే ఎం.2 స్లాటు ఉండే అవకాశం ఎక్కువ. పొట్టిగా కనిపించే స్లాటు వైఫై కార్డుది, దాన్ని చూసి ఎస్ఎస్‌డీ పట్టదనుకోకండి. పొడుగ్గా ఉన్నది వెతకమనండి. అందులో 500 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ వేసి, అందులో విండోస్, సాఫ్ట్‌వేర్లు, ప్రస్తుతం చేస్తున్న ప్రాజెక్టు పెట్టుకుని, పాత హార్డ్ డిస్కును పాత ఫైళ్లు దాచుకోవడానికి వాడుకోవచ్చు. విండోస్ మళ్లీ కొనక్కర్లేదు, బోర్డు అదే కాబట్టి పాత లైసెన్సే పనిచేస్తుంది. ర్యామ్, ఎస్ఎస్‌డీ వేసుకున్నంత మాత్రాన వారంటీ పోదని చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అయినా మీ మోడల్ సంగతి టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి అడిగి, అదే ప్రశ్న ఈమెయిల్ కూడా పెట్టి జవాబు దాచుకోండి.

ఇక్కడ ధరల గురించి ఒక మాట. ఒకప్పుడైతే "ర్యామ్ తర్వాత వేసుకోవచ్చులే, రోజురోజుకీ చవకవుతుంది" అనే సలహా బాగా నడిచేది. 2025 చివరి నెలల నుంచి అది తలకిందులైంది. ప్రపంచమంతా ఏఐ డేటా సెంటర్లు కడుతున్నారు. మన విశాఖకే 2025 అక్టోబర్‌లో గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది కదా. మెమరీ చిప్పులు పెద్దఎత్తున చేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మూడే. సర్వర్లకు అమ్మితే లాభం ఎక్కువ కాబట్టి అవి అటే మొగ్గాయి. మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో చెప్పింది. అందుకే ర్యామ్ విషయంలో చవకవుతుందని ఎదురుచూడటం వల్ల మీకు కలిసొచ్చేది కనిపించడం లేదు. రెండు మూడు షాపుల్లో ఒకే రోజు అడిగి తీసుకోండి. ఈ వారం చెప్పిన ధర వచ్చే వారం ఉండకపోవచ్చు.

ఇలా ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయిస్తే ఏమవుతుంది? రెవిట్, ఆటోక్యాడ్, స్కెచప్ తీరుగా నడుస్తాయి. రెవిట్‌లో ఉన్న సొంత రెండరింగ్ ప్రాసెసర్ మీదే పనిచేస్తుంది కాబట్టి, నెమ్మదిగానైనా అవుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. కానీ లుమియాన్, ట్విన్‌మోషన్, ఎన్‌స్కేప్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లకు విడి గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే. మీ అమ్మాయి వాడుతున్నది ఏదో ఉత్తరంలో లేదు. నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది, కాబట్టి ముందు ఆమెను అడగండి. మాస్టారు ఫలానాదే వాడాలన్నారా, తోటి విద్యార్థులు వాడుతున్నారని ఆమె కూడా మొదలుపెట్టిందా, కాలేజీ ల్యాబ్‌లో ఆ సౌకర్యం ఉందా? ఆఖరి రెండరింగ్ ఒక్కటి ల్యాబ్‌లో చేసుకుని మిగతాదంతా ఇంట్లో చేసుకునేవాళ్లు ఉన్నారు. అయితే జ్యూరీ వారంలో ల్యాబ్‌లో కుర్చీ దొరకడం కష్టం, రాత్రి పొద్దుపోయి గాజువాక దాకా ఒంటరిగా రావాలి. ఆ ఇబ్బంది కూడా లెక్కలోకి తీసుకోండి.

అమ్మాయికి ఇంకో సంగతి చెప్పండి. రెవిట్ తనంతట తాను ఫైలు సేవ్ చేయదు, సేవ్ చేసుకోమని గుర్తు మాత్రం చేస్తుంది. ఆ గుర్తుచేసే వ్యవధిని 15 నిమిషాలకు పెట్టుకోమనండి. సేవ్ చేసిన ప్రతిసారీ పాత ప్రతిని అదే ఫోల్డర్‌లో, ఫైలు పేరు చివర 0001, 0002 అంటూ అంకెలు వేసి దాస్తుంది. ఫైలు పాడైనప్పుడు ముందు వెతకాల్సింది అక్కడే.

విడి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని తేలిందనుకోండి. అప్పుడు చాలామందికి తట్టని దారి ఒకటుంది. మీ డబ్బాలో మంచివన్నీ బయటికి తీసి, కొత్త ఇంట్లో పెట్టడం. ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, మానిటర్ అన్నీ మీవే. కొత్తగా కావాల్సినవి పెద్ద క్యాబినెట్, మామూలు మదర్‌బోర్డు, 550 వాట్ల మంచి ఎస్ఎంపీఎస్, ఒక చిన్న కూలర్. ఐ5-12400 హెచ్610, బీ760 రకం బోర్డుల్లో కూర్చుంటుంది. వాటిలో డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. మీ ర్యామ్‌కు సరిపోయేదే అడగాలి. బీరువాలో ఉన్న కార్డు ఇందులో హాయిగా పట్టేస్తుంది. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం ఐదారు వందలకు కక్కుర్తి పడకండి. 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు) అని ఉన్న పేరున్న కంపెనీది తీసుకోండి. విండోస్ లైసెన్సు కాకుండా, ఈ ఖర్చు మీరు చెప్పిన 50,000లో సగానికి లోపే ఉంటుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. బోర్డు మారితే బ్రాండెడ్ కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు కొత్తదానికి రాదు, మళ్లీ కొనాలి. కంపెనీ వారంటీ ముగిసినట్టే, ఇంటికొచ్చి బాగుచేసే ఇంజనీరు ఉండడు. కొత్తగా కొన్న ఒక్కో వస్తువుకు ఒక్కో వారంటీ, ఏది పోయినా మీరే తీసుకెళ్లాలి. అందుకే ఈ పని ఇప్పుడే చేయడమా, ఉన్న వారంటీ ముగిశాక చేయడమా అన్నది ఆలోచించండి. ముందు ర్యామ్, ఎస్ఎస్‌డీ వేయించి కొన్ని నెలలు నడిపినా, తర్వాత ఆ రెండూ కొత్త క్యాబినెట్‌లోకి వచ్చేస్తాయి. ఆ డబ్బు ఏ దారిలో వెళ్లినా పోదు.

88,000 గేమింగ్ పీసీ చెడ్డదేమీ కాదు. రేపటి నుంచే అన్ని సాఫ్ట్‌వేర్లూ నడుస్తాయి, కొత్త వారంటీ వస్తుంది. కానీ ఎక్స్చేంజ్ పోగా మీరు కట్టాల్సింది 74,000. మీరు సర్దగలనన్న దానికంటే 24,000 ఎక్కువ, పైగా ఫీజు డబ్బు మొత్తం కరిగిపోతుంది. కోర్సు ఇంకా రెండేళ్లుంది. మీ ఐ5ను మానిటర్‌తో సహా 14,000కు ఇచ్చేయడం నాకు మనసొప్పడం లేదు. ఆ దారిలోనే వెళ్లాలనుకుంటే మానిటర్ ఉంచేసుకోండి, ర్యామ్ తీసుకోవడానికి వీలవుతుందేమో అడగండి. కొత్తదాంట్లో ఎస్ఎంపీఎస్ ఎన్ని వాట్లు, ఏ కంపెనీది, 24 పిన్నుల మామూలు రకమేనా, ర్యామ్ స్లాట్లు ఎన్ని ఖాళీ అన్నవి అడిగి, ప్రతి వస్తువు మోడల్ నంబరుతో బిల్లు రాయించుకోండి. "గేమింగ్ పీసీ ఒకటి" అని ఒకే లైను రాసిన బిల్లు తర్వాత దేనికీ పనికిరాదు. షాపుతో గొడవొస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మీవారు చెప్పిన ఐ7 గురించి. పేరు పెద్దదే, కానీ 4790 అంటే నాలుగో జనరేషన్, 2014 నాటిది. మీ దగ్గరున్న పన్నెండో జనరేషన్ ఐ5 దానికంటే చాలా ముందుంది. ఇంటెల్‌లో విండోస్ 11కు ఎనిమిదో జనరేషన్, ఆపైది కావాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని ర్యామ్ డీడీఆర్3, రేపు మరో దాంట్లోకి మార్చుకోవడానికీ పనికిరాదు. ఆయనకు ఇది తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఐ5 కంటే ఐ7 పెద్దదనే అందరూ అనుకుంటారు. ఐ తర్వాత వచ్చే అంకె కంటే ఆ గీత తర్వాత వచ్చే అంకె ముఖ్యమని మీ అమ్మాయి చేతే చెప్పించండి.

బీరువాలో కార్డును ముందు పరీక్షించాలి. 1660 సూపర్ కార్డులను ఒకప్పుడు ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ సంపాదించే మైనింగ్ పనికి రాత్రింబవళ్లు తిప్పేవారు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం ఆ పద్ధతి మానేశాక వాటిలో చాలా కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చాయి. మీ అమ్మాయి కొన్నది అలాంటిదే అని అనడం లేదు. పెద్ద క్యాబినెట్ ఉన్న స్నేహితురాలి కంప్యూటర్‌లో పెట్టి ఓ గంట రెండరింగ్ నడిపి చూడమనండి. తెర మీద చుక్కలు, గీతలు రాకుండా, ఫ్యాన్లన్నీ తిరుగుతూ ఉంటే కార్డు బాగున్నట్టు. అప్పుడు దాన్ని ఉంచుకోవచ్చు, లేదా కొన్న ధరకు కాస్త అటూ ఇటుగా అమ్ముకోవచ్చు. బాగోలేదని తేలితే ఆ సీనియర్‌తో ఆలస్యం చేయకుండా మాట్లాడాలి. నెలలు గడిచాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ వినరు.

ఇక ఇంటి సంగతి. కార్డు విషయం మీవారికి చెప్పాలా అని అడిగారు. చెప్పకపోతే ఏమవుతుందో ముందు చూడండి. క్యాబినెట్ మార్చే దారి ఎంచుకుంటే, ఆ కార్డు ఎక్కడి నుంచి వచ్చిందని ఆయన ఎలాగూ అడుగుతారు. మార్చకుండా కార్డు గుట్టుగా అమ్మేస్తే బహుశా తెలియకపోవచ్చు. కానీ ఎప్పుడో తెలిస్తే, ఆయనకు నొప్పి కలిగేది 9,500 గురించి కాదు, తల్లీకూతుళ్లు కలిసి దాచారని. పిల్ల దాచింది భయంతో, తన సొంత డబ్బుతో, చదువు కోసం. అది చెప్పుకోదగ్గ మాటే. కొత్తగా ఏదీ కొనకముందే, ఆయన షిఫ్ట్ దిగి అన్నం తిని స్థిమితంగా ఉన్న పూట, అమ్మాయే చెబితే మంచిదని నాకనిపిస్తోంది. మీరు పక్కన ఉండండి, ఆమె తరఫున మీరు మాట్లాడేయకండి. అమ్మాయి జంకితే మీరే చెప్పవచ్చు, కాకపోతే అప్పుడు మాట మీ ఇద్దరి మధ్య గొడవలోకి జారే ప్రమాదం ఉంది. ఆయన ఒక పూట కోప్పడతారేమో. "ఇందులో 180 వాట్లే ఉన్నాయి నాన్నా, అందుకే పట్టలేదు" అని ఆమె లెక్క వేసి చూపిస్తే, తన కూతురికి ఎంత తెలుసో కూడా ఆ పూటే ఆయనకు తెలుస్తుంది.

మీ మరిదితో మాట్లాడక తప్పదు. బిల్లు అతని పేరు మీద ఉంది, వారంటీకి ఆ బిల్లు కావాలి. కానీ బిల్లు ఒక్కటీ వాట్సాప్‌లో పంపమని అడిగితే, ఇంకేదో నేరం మోపడానికి అడుగుతున్నారనుకుంటాడు. "అప్పుడు నువ్వు కొనిపించింది రెండేళ్లు బాగా పనిచేసింది, ఇప్పుడు పిల్లకు పని పెరిగింది, ర్యామ్ వేయించడానికి నువ్వే షాపుకు తీసుకెళ్లాలి" అని చెప్పి చూడండి. అబద్ధం ఒక్కటీ లేదు ఇందులో. అతనికి తెలిసిన షాపు కాబట్టి ధర కూడా కలిసి రావచ్చు. మీవారు అన్న మాటకు మీరు క్షమాపణ చెప్పనక్కర్లేదు. అన్నదమ్ములు వాళ్లే సర్దుకుంటారు. అతను మళ్లీ మీ గడప తొక్కడానికి ఒక పని ఉంటే చాలు.

"నా సంగతి వదిలేయండి" అన్న పిల్లను మాత్రం వదిలేయకండి. ఆ మాటలో అలక కంటే, తన వల్ల ఇంట్లో ఇన్ని గొడవలు అన్న బెంగ ఎక్కువ వినిపిస్తోంది నాకు. టాస్క్ మేనేజర్ చూడటం, కంపెనీకి ఈమెయిల్ రాయడం, ధరలు కనుక్కోవడం ఆమెకే అప్పగించండి. విప్పి చూసి, వాట్లు చదివి చెప్పగలిగిన పిల్ల ఇది కూడా చేయగలదు.

ఉత్తరంలో యూపీఎస్ మాట లేదు. లేకపోతే, ఏ దారి ఎంచుకున్నా అది ముందు కొనండి. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా సేవ్ చేయని పని అంతా పోతుంది. ఇప్పుడున్న కంప్యూటర్‌కు 600 వీఏ యూపీఎస్ చాలు. అది సాధారణంగా 360 వాట్లు మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పెడితే ఇంకా పెద్దది, 1,000 వీఏ దగ్గరది, చూసుకోవాలి.

డబ్బు విషయంలో నాకు తోచింది చెబుతాను, నిర్ణయం మీదే. ర్యామ్, ఎస్ఎస్‌డీ, యూపీఎస్‌కు ఇప్పుడు పెట్టండి. వాటితో ఒక జ్యూరీ గడవనివ్వండి. ఆ అనుభవం చూశాక, గ్రాఫిక్స్ కార్డు లేకుండా నాలుగో ఏడాది గడవదని మీ అమ్మాయి అంటే, అప్పటికి వారంటీ గడువు కూడా దగ్గర పడుతుంది కాబట్టి క్యాబినెట్ మార్చే పని చూడవచ్చు. చీటీ పాడాలో వద్దో ఆ రోజు తేల్చుకోండి, ఈ నెల పాటకు తొందరపడకండి.